చివర్లో 'సోర్స్: గూగుల్' అని ఒక స్లైడు వేస్తే సరిపోతుందా?

సరిపోదండీ. చార్మినార్ మీద అయిదు నిమిషాల ప్రాజెక్టు వీడియో చేసి, ఆఖర్న 'ఇమేజెస్: గూగుల్, మ్యూజిక్: యూట్యూబ్' అని రాస్తే లైబ్రరీలో బీరువా నంబరు చెప్పి పుస్తకం పేరు మింగేసినట్టే. గూగుల్ ఆ ఫొటో తీయలేదు, చూపించిందంతే.

ఒక్క ఫొటో తీసుకుందాం. వెతికితే వికీమీడియా కామన్స్‌లోని (వికీపీడియా వాళ్ల ఉచిత ఫొటోల భాండాగారం) చార్మినార్ ఫొటో కనిపించింది. ఆ చిన్న బొమ్మ మీదే రైట్ క్లిక్ కొట్టి దించుకోకండి, అసలు పేజీలోకి వెళ్లండి. అక్కడ 'యూజ్ దిస్ ఫైల్' అనేది నొక్కితే క్రెడిట్ లైను తయారుగా దొరుకుతుంది. ఫొటో పేరు, తీసినవాళ్ల పేరు, పేజీ లింకు, లైసెన్సు, ఈ నాలుగూ ఉండాలి. తెర మీద వేసేటప్పుడు ఇలా కుదించుకోవచ్చు: 'ఫొటో: ఫలానావారు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0, పక్కలు కత్తిరించాం'. ఆ చివరి రెండు మాటలే అందరూ ఎగ్గొట్టేది. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, సొంతదారు కొన్ని షరతులతో ముందే అనుమతి ఇచ్చేసే లైసెన్సు. 'బై' అంటే పేరు చెప్పాలి, 'ఎస్ఏ' అంటే మార్చి చేసినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి, 4.0 దాని వెర్షను. ఈ 4.0 లైసెన్సు ప్రకారం క్రాప్ చేసినా రంగులు మార్చినా ఆ సంగతి చెప్పి తీరాలి.

ఈ లైను ఫొటో కనిపిస్తున్నప్పుడే కింద మూలన రావాలి. పూర్తి లింకులు మాత్రం చివరికి, టైముతో సహా: '1:40 దగ్గర ఫొటో' అని. అన్నీ ఆఖర్నే రెండు సెకన్లలో పరిగెత్తిస్తే ఏది ఎవరిదో దిద్దేవాళ్లకు తెలియదు. అక్షరాలు మరీ చిన్నవైతే వీడియో వాట్సాప్‌లో పంపాక అలుక్కుపోతాయి. ఫోన్లో చూసి సరిచూసుకోండి.

అసలు తంటా సంగీతంతో. వీడియోకి టైము కలిపి పాట పెడితే క్రియేటివ్ కామన్స్ లెక్కలో అది కొత్త రూపం కిందకే వస్తుంది. కాబట్టి లైసెన్సులో 'ఎన్‌డీ' (మార్చి పంచకూడదు అని) ఉన్న ట్రాకు వీడియోకి పనికిరాదు, పేరు ఎంత పెద్దగా వేసినా సరే. 'ఎస్ఏ' ఉంటే మీ వీడియోనూ అదే లైసెన్సుతో వదలాలి. ఫొటోకి ఇంత పట్టింపు లేదు, ఏ మార్పూ లేకుండా స్లైడులో పెడితే స్లైడులన్నిటికీ ఎస్ఏ అంటుకోదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో లైసెన్సు కాలమ్ చూడండి. సీసీ గుర్తు ఉన్నవాటికి వాళ్లిచ్చిన వాక్యాన్ని డిస్క్రిప్షన్‌లో అతికించాలి, లేనివాటికి అక్కర్లేదు. ఇక సినిమా పాట పెట్టి 'హక్కులన్నీ యజమానులవే' అని రాయడం ఉత్త మొక్కుబడి. పేరు చెప్పడం వేరు, అనుమతి వేరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను చదువు చెప్పే సందర్భానికి కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, వీడియోని యూట్యూబ్‌లోకి ఎక్కించాక ఆ మినహాయింపు ఉందని ధీమాగా ఉండకండి.

పిల్లల్ని అని ఏం లాభం? రిపోర్టులో కామా తప్పితే మార్కు కోసే గైడ్‌లైన్సులో వీడియో క్రెడిట్లకు ఒక్క లైను ఉండదు. కాపీని పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేరు చూసేది అక్షరాల్ని, నేపథ్య సంగీతాన్ని కాదు. క్లాసులో వేసే పీపీటీల్లో ఎన్నిటికి ఫొటో క్రెడిట్ ఉంటుందో చెప్పండి! ఇరవై మార్కుల ప్రాజెక్టులో అయిదు దీనికే కేటాయిస్తే ఒక్క సెమిస్టర్‌లో అందరూ దారికొస్తారు.

పని తేలికవ్వాలంటే దించుకున్న క్షణమే ఒక షీటులో రాసుకోండి: ఫైలు పేరు, లింకు, ఎవరిది, లైసెన్సు, తేదీ, వీడియోలో ఎక్కడ. సబ్మిషన్ ముందు రాత్రి వెనక్కి వెతికితే పిన్‌టరెస్ట్‌లో చిక్కుకుపోతారు. అప్పటికే మూలం పోగొట్టుకున్న ఫొటోని బొమ్మతో బొమ్మను వెతికే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి చూడండి, దొరక్కపోతే తీసేయండి. పేజీ మాయమవుతుందేమోనని అనుమానంగా ఉంటే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' కొట్టి ఆ లింకూ దాచుకోండి. ఏఐతో గీయించిన బొమ్మకైతే టూలు పేరు, ఇచ్చిన ప్రాంప్టు, తేదీ రాయాలి. చార్మినార్‌కి అయిదో మినార్ మొలిచినా అది ఎక్కడిదో తెలుస్తుంది.