ఈసీఆర్ ప్రయాణం లజ్ దగ్గర ముగియాలి

ప్రశ్న: పుదుచ్చేరి నుంచి చెన్నైకి తీరం వెంట ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కారులో వెళ్తున్నాం. దారిలో ఎక్కడ ఆగాలి? చెన్నైలో ఒక పూట మాత్రమే ఉంటే ఏం చూడాలి?

కిటికీ పక్కనే సముద్రం వెంట వస్తుందని ఊహించుకుని మాత్రం బయలుదేరకండి. దాదాపు 150 కిలోమీటర్ల ఆ దారిలో ఎక్కువగా కనిపించేవి సరుగుడు తోటలు, కొబ్బరి తోపులు, ఉప్పుటేర్లు. సముద్రం కావాలంటే బండిని తూర్పుకు తిప్పి ఏదో ఒక పల్లెలోకి దిగాలి. వీడియోలు చేసేవాళ్లు డ్రోను ఎగరేసి రోడ్డునీ అలల్నీ కలిపి చూపించేసరికి, జనం ఎక్కడా ఆగకుండా దూసుకుపోయి, చివరికి ‘ఏముంది అక్కడ’ అంటారు. ఆ దారికి వేగం పనికిరాదు.

నన్నడిగితే మొదట ఆగవలసింది మరక్కాణం ఉప్పు మడుల దగ్గర. తెల్లవారుజామునే పుదుచ్చేరిలో బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకుంటారు. ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు మడులు నీట మునిగి ఉంటాయి కాబట్టి వేసవి మొదట్లో వెళ్లడం మంచిది. మేము అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు గట్ల మీద తెల్లటి కుప్పలు వరసగా ఉన్నాయి. ఒకాయన పొడుగాటి కర్రకు అడ్డచెక్క బిగించిన పరికరంతో మడి అడుగున పేరుకున్న ఉప్పును గట్టు వైపు లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ గాజుపెంకులు రాసుకున్నట్టు కరకరమని చప్పుడు. ఆయన పాదాలు మడమల దాకా పగిలి ఉన్నాయి.

అమ్మ చెప్పులు విప్పి గట్టెక్కింది. కుప్ప దగ్గరున్న ఒక పెద్దావిడ నవ్వుతూ తడి ఉప్పు గుప్పెడు తీసి ముందుకు చాచింది. అమ్మ చెయ్యి చాపలేదు. ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయని మా ఇంట్లో ఇప్పటికీ పట్టింపే. ఆ సంగతి తమిళంలో ఎలా చెప్పాలా అని నేను వెతుక్కుంటున్నాను. ఈలోగా ఆవిడే అర్థం చేసుకుని, గట్టు మీద ఒక తాటాకు ముక్క పరిచి దాని మీద పోసింది. అమ్మ దాన్ని కొంగులో మూటకట్టుకుంది. డబ్బు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. ‘ఎండలో ఎంతసేపు పనిచేస్తారమ్మా’ అని అమ్మ తెలుగులోనే అడిగింది. ఆవిడ తమిళంలో ఏదో చెప్పింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

కారెక్కాక నాన్నగారు పొట్టి శ్రీరాములుగారి మాట ఎత్తారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లినవారిలో ఆయన కూడా ఉన్నారని చెప్పారు. బడిలో మనకు ఆయన నిరాహార దీక్ష గురించి నాలుగు వాక్యాలు చెప్పి వదిలేస్తారు. అంతకు ముందు ఆయన బతుకంతా ఎటు పోయింది? ఇది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే విషయం.

ఇక దారిలో కడపాక్కం దగ్గర పక్కకు తిరిగితే ఆలంపరై కోట వస్తుంది. 1760లో ఇంగ్లీషువాళ్లు పడగొట్టిన ఇటుక గోడలు, వాటి వెనకే ఉప్పుటేరు, పడవలు, జాలర్లు. మహాబలిపురం గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. తీరాలయాన్ని మాత్రం వారాంతంలో చూడవద్దు. ఆ రాతిని నెమ్మదిగా చూడనివ్వరు.

చెన్నై చేరాక మనవాళ్లు చేసే పని చూస్తే బాధేస్తుంది. నేరుగా టీ నగర్ వెళ్లి పట్టుచీరలు, నగలు కొనుక్కుని తిరుగుముఖం పడతారు. ఆ టీ నగర్ పేరులోని త్యాగరాయ జస్టిస్ పార్టీ నాయకుడు, మన పిట్టి త్యాగరాయ శెట్టిగారేనని గాని, అక్కడి పానగల్ పార్కు ఒక తెలుగు రాజా పేరు మీద వెలిసిందని గాని సంచులు మోసేవారిలో ఎందరికి తెలుసు?

మీకున్న ఆ ఒక్క పూటా మైలాపూరుకు ఇవ్వండి. రాయపేట హైరోడ్డులో 126వ నంబరు ఇల్లు చూడండి. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తిగారి ఆ ఇంట్లోనే శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58 రోజులు అన్నం ముట్టక, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇప్పుడది స్మారక భవనం. బయట బస్సుల హారన్లు ఆగవు. నాన్నగారు మా అబ్బాయిని గుమ్మం దగ్గర నిలబెట్టి, ఆ 58 రోజుల కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. వాడు మధ్యలో ఒక్కసారి కూడా ఫోను అడగలేదు. తెలుగు రాష్ట్రాల బడిపిల్లలందరినీ ఒక్కసారైనా అక్కడికి తీసుకురావాలని నా గట్టి అభిప్రాయం. గోల్కొండకు, అరకుకు బస్సులు వేసే బళ్లు ఇక్కడికి ఎందుకు వేయకూడదు?

అక్కడి నుంచి, మైలాపూరులోనే లజ్ అనే పేటలో ఉన్న లజ్ చర్చి రోడ్డులోని నాగేశ్వరరావు పార్కుకు నడిచి వెళ్లవచ్చు. అమృతాంజనం తయారుచేసి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదే ఆ పార్కు ఉంది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది కూడా మైలాపూరులోని ఆయన ఇంట్లోనే. పార్కులో నీడ బాగుంటుంది, పెద్దవాళ్లు కూర్చోవడానికి బెంచీలున్నాయి. కారు మాత్రం ముందే ఎక్కడైనా నిలిపి ఆటోలో వెళ్లండి, లజ్ సందుల్లో చోటు దొరకదు. స్మారక భవనం తెరిచే వేళలు ఒకసారి ముందే కనుక్కోండి.