న్యూజెర్సీలో తొలి ఆకురాలు కాలం: పెరట్లో పిట్టలు, కాలువ గట్టున సైకిలు

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో డాబా మీద పిచ్చుకలకు గుప్పెడు నూకలు చల్లే అలవాటున్నవాళ్లు ఇక్కడికొచ్చాక మిగిలిన అన్నం పెరట్లో పోస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చీకటి పడగానే రకూన్లు (పిల్లికన్నా పెద్దగా ఉండే అడవి జంతువులు), ఎలుకలు వస్తాయి, వెనకాలే కాలనీ ఇళ్లవాళ్ల అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది. పిట్టలకు పెట్టాలని ఉంటే ఫీడర్, అంటే గింజలు పోసి వేలాడదీసే డబ్బా, కట్టండి. మొదలుపెట్టడానికి బతుకమ్మ రోజులే మంచివి, చలికి ముందే మేత దొరికే చోట్లు వెతుక్కుంటూ ఉంటాయవి. ఎలుగుబంట్లు తిరిగే ఊళ్లలో మాత్రం డిసెంబరు దాకా ఆగండి.

డబ్బు దండగయ్యేది చవక మిక్స్ సంచుల దగ్గర. వాటిలో ఎర్రజొన్నలు కలుపుతారు, మన ఆర్మూర్ వైపు పండేలాంటివే. ఈ తూర్పు రాష్ట్రాల పెరటి పిట్టలు చాలావరకు వాటిని తినవు, ముక్కుతో కిందికి తోసేస్తాయి. కిందపడ్డవి తడిసి బూజు పడతాయి, ఎలుకలు మరుగుతాయి. నల్ల పొద్దుతిరుగుడు గింజలొక్కటే కొనండి. పొట్టు పలచన, నూనె ఎక్కువ, కార్డినల్ నుంచి చికడీ దాకా అన్నీ తింటాయి. గోల్డ్‌ఫించ్‌లకైతే వలిసెలు ఇష్టం, దానికి సన్న రంధ్రాల ఫీడర్ వేరే కావాలి. వేసవిలో నిగనిగలాడే పసుపుతో ఉండే మగ గోల్డ్‌ఫించ్ అక్టోబరుకల్లా మట్టిరంగుకు మారుతుంది, గొంతు దగ్గర కాస్త పసుపు మిగులుతుంది. పసుపు పిట్టలు రావట్లేదని ఫీడర్ తీసేయకండి, వస్తున్నవి అవే.

కిటికీకి 3 అడుగుల లోపల కట్టండి, లేదంటే 30 అడుగుల అవతల. మధ్యలో కడితే బెదిరిన పిట్ట వేగం అందుకుని, అద్దంలో కనిపించే ఆకాశాన్ని నిజమనుకుని గుద్దుకుంటుంది. రెండు వారాలకోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లతో ఫీడర్ కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోయండి. కళ్లు వాచి పుసికట్టిన ఫించ్ కనిపిస్తే ఆ రోజే ఫీడర్ దించి కడిగి, కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. ఆ జబ్బు ఫీడర్ దగ్గరే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది.

పూలలో తేనె తాగే బుల్లి పిట్ట హమ్మింగ్‌బర్డ్‌కు ఒక కప్పు తెల్ల చక్కెర, నాలుగు కప్పుల నీళ్లు, అంతే. రంగు వద్దు, తేనె వద్దు. బెల్లం అసలే వద్దు, అందులోని ఇనుము దానికి పడదు. తిండి దొరుకుతోందని వలస మానుకోదు, పగలు తగ్గడం చూసుకునే బయల్దేరుతుంది. చివరి పిట్ట కనిపించాక రెండు వారాలు ఉంచి తీసేయండి, వెనకపడి వచ్చే వాటికి పనికొస్తుంది.

దసరాకు పాలపిట్ట ఏదని పిల్లలు అడుగుతారు. ఇక్కడ ఓక్ కాయలు నోట కరుచుకుని నేలలో దాచే నీలం పిట్ట బ్లూ జే. పాలపిట్టకు చుట్టం కాకపోయినా పండగపూట కంటపడితే సంతోషమే.

సైకిలుకు డెలావేర్ అండ్ రారిటాన్ కాలువ గట్టును మించింది లేదు. కంకరపొడి, మట్టి దారి కాబట్టి 35 మిల్లీమీటర్లు, ఆ పైన వెడల్పున్న టైర్లు వేయండి. తడి ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించుకోండి. ఒడ్డున మెడ ముడుచుకుని కదలకుండా నిలబడేది గ్రేట్ బ్లూ హెరాన్, మన చెరువుల్లో కనిపించే నారాయణ పక్షికి దగ్గరి చుట్టం. సైకిలు కదులుతుంటే ఊరుకుంటుంది, ఎదురుగా ఆపితే లేచిపోతుంది. కాస్త దాటి వెళ్లి, చెట్టు చాటున ఆగి చూడండి.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆఫీసు అయ్యేసరికి చీకటే. అప్పుడే జింకలకు ఎదకాలం, ముందూ వెనకా చూడకుండా రోడ్డుకు అడ్డం పరుగెడతాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉందనుకుని ఆగండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

చలి మొదలైనా పిడుదులు పోవు. గడ్డిలోకి దిగితే ప్యాంటు సాక్సులోకి దోపండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకైతే జుట్టులో కూడా వెతకండి. పిడుదు పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా లాగండి. కిరోసిన్ పూయడం, కాల్చడం వద్దు. పిడుదు కాటుతో అంటుకునే లైమ్ జబ్బు రాకుండా ఉండాలంటే మొదటి 24 గంటల్లోపే తీసేయాలి. తర్వాత దద్దురో జ్వరమో వస్తే డాక్టరుకు పిడుదు సంగతి చెప్పండి.