టెక్ సందేహాలు: టీవీ రంగులు సరిచేసే పని బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: కడపలో ఆరేళ్లుగా టీవీలు బిగించే పని చేస్తున్నాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివాను. టీవీ రంగులను మీటరుతో కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ పనినే వృత్తిగా పెట్టుకుని మన ఊళ్లలో బతకవచ్చా? ఇంకో సందేహం. సినిమా మోడ్ పెడితే తెలుపు పసుపుపచ్చగా ఉందంటూ ఇంటివాళ్లు వెంటనే మార్చమంటున్నారు. తప్పు మోడ్‌దా, వాళ్ల కంటిదా?

జవాబు: రెండో సందేహం తీరితే మొదటిదానికి దారి దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. తప్పు మోడ్‌దీ కాదు, కంటిదీ కాదు, అలవాటుది. షోరూములో వరుసగా వెలిగే టీవీల మధ్య తమది మరింత తెల్లగా కనిపించాలని తయారీదారులు తెలుపును నీలం వైపు జరిపి పంపుతారు. స్టూడియోలో సినిమాకు తుది రంగులు దిద్దే మానిటర్‌లో మాత్రం తెలుపు డీ65 అనే ప్రమాణానికి, అంటే తెలుపు ఛాయను చెప్పే కొలతలో సుమారు 6,500 కెల్విన్‌కు, కట్టుబడి ఉంటుంది. నెలల తరబడి నీలపు తెలుపుకు అలవాటుపడిన కంటికి ఈ తెలుపు పాత కాగితంలా తోస్తుంది. వారం రోజులు సినిమా మోడ్‌లోనే చూసి, ఎనిమిదో రోజు పాత మోడ్‌కు మార్చి చూడమనండి. అప్పుడు ఆ నీలం వాళ్లకే కనిపిస్తుంది.

ఈ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. మనం బొమ్మను అందంగా చేయడానికి వెళ్లడం లేదు, తీసినవాళ్లు చూసిన బొమ్మను ఆ ఇంటి గోడ మీదికి తేవడానికి వెళుతున్నాం. ఒకసారి అనంతపురంలో, ధర్మవరం నుంచి వచ్చి స్థిరపడిన ఒక నేత కుటుంబం ఇంట్లో, పెద్దాయన మనవరాలి పెళ్లి వీడియో పెట్టించి, "మేం నేసిన చీర ఇది కాదు నాయనా" అన్నారు. బీరువాలోంచి ఆ చీర తెప్పించి టీవీ పక్కన పట్టుకున్నారు. చేతిలోని చీరకు మడత మడతకూ ఎరుపు మారుతోంది, అంచు దగ్గర జరీ గీత విడిగా మెరుస్తోంది. తెర మీద అదంతా ఒకే ఎర్రటి ముద్దగా ఉంది. రంగులు కొట్టొచ్చినట్టు చూపే వివిడ్ మోడ్‌లో రంగు మోతాదు పెంచి ఉండటం వల్ల ఎరుపు, హెచ్‌డీ వీడియో రంగులకు పెట్టిన బీటీ.709 ప్రమాణపు హద్దు దాటిపోయిందని మీటరు చూపింది. సరిచేశాక మడతలు తేలాయి, జరీ కనిపించింది. అయినా అచ్చంగా ఆ చీర రంగు రాలేదు, ఎందుకంటే కెమెరా పట్టుకున్న రంగునే టీవీ చూపగలదు. ఆ మాట పెద్దాయనకు దాచకుండా చెప్పాను. మీరూ చెప్పాలి, లేకపోతే టీవీ చేయలేనిదాన్ని కూడా మీ పనితనం ఖాతాలో వేస్తారు.

ఈ వృత్తికి పునాది వేసినవారిలో అమెరికాకు చెందిన జో కేన్ ముఖ్యుడు. ఇంట్లోనే టీవీని సరిచూసుకోవడానికి వీలుగా ఆయన 1989లోనే పరీక్షా చిత్రాలతో లేజర్ డిస్క్ తెచ్చారు. 1994లో అక్కడే మొదలైన ఇమేజింగ్ సైన్స్ ఫౌండేషన్ కాలిబ్రేటర్లకు శిక్షణ ఇస్తోంది.

ముందుగా నలుపు, తెలుపు మట్టాలు పట్టుకోండి. వెలుగును 0 నుంచి 255 దాకా అంకెలతో చెప్పే 8 బిట్ల వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. బ్రైట్‌నెస్ సెట్టింగ్ సాధారణంగా నలుపును, కాంట్రాస్ట్ తెలుపును కదిలిస్తాయి, కానీ కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే బ్యాక్‌లైటే, అంటే తెర వెనకనుంచి వచ్చే వెలుగే, కాబట్టి మెనూ చదవకుండా చేయి పెట్టకండి. కొలిచే ముందు టీవీని కనీసం అరగంట వెలగనివ్వండి. తెర రంగులను కొలిచే కలరీమీటరు కొంటే, ఓలెడ్‌కూ ఎల్‌సీడీకీ వెలుగు తీరు వేరు గనుక, ప్యానెల్‌కు తగిన సవరణ ఫైలు పెట్టకుండా వచ్చిన అంకెలను నమ్మవద్దు. సాఫ్ట్‌వేర్‌కు మొదట ఉచితంగా దొరికే హెచ్‌సీఎఫ్‌ఆర్ చాలు. రావాల్సిన రంగుకూ వచ్చిన రంగుకూ మధ్య ఉన్న డెల్టా ఈ అనే తేడా అంకె 3 కన్నా తక్కువకు వస్తే మామూలు కంటికి ఆ లోపం దాదాపు తెలియదు.

వెలుగునీడల తేడాను మరింత ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ వీడియోను తర్వాత నేర్చుకోండి. ఆ ప్రమాణం తెర వెలుగును 10,000 నిట్ల (వెలుగు కొలత) దాకా రాసి ఉంటే, ఇళ్లలోని టీవీలు అందులో చిన్న భాగమే ఇవ్వగలవు. మిగిలినదాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో తీరులో కుదిస్తుంది కాబట్టి అక్కడ మీ చేతిలో ఉండేది తక్కువ.

ఇక జీవనోపాధి మాట. కడపలో దీని మీదే ఇల్లు గడుస్తుందని నేను చెప్పను. కానీ ప్రతి బిగింపూ మిమ్మల్ని ఒక కొత్త తెర ముందు నిలబెడుతోంది, ఆ అవకాశం పెద్ద నగరపు కాలిబ్రేటర్‌కు కూడా అంత సులువుగా దొరకదు. బిగింపు పని వదలకుండా, అడిగినవారికి అదనపు రుసుముతో ఇది చేయండి. మన ఎండకు పగటి హాలు వేరు, రాత్రి హాలు వేరు. చీకటి గదికి ప్రమాణమైన 100 నిట్ల వెలుగు మధ్యాహ్నం కిటికీ ఎదురుగా చాలదు. అందుకే పగటికొకటి, రాత్రికొకటి రెండు మోడ్‌లు సిద్ధం చేసి, ఏది ఎప్పుడు వాడాలో ఇంటివాళ్ల చేత రిమోట్‌తో మార్పించి చూపండి. సరిచేయక ముందు, చేశాక వచ్చిన కొలతలు ఒక కాగితం మీద రాసి వాళ్లకే ఇచ్చి రండి. మొదటి కాగితం మీ ఇంటి టీవీదే కావాలి.