క్వాంటమ్ కంప్యూటర్ హార్డ్‌వేర్ టెస్టింగ్‌లో రోజూ చేసే పని ఏమిటి? విజయవాడలో ఈసీఈ చదివే కుర్రాడికి అందులో దారి ఉందా?

మీరు అడిగింది మీ తమ్ముడి గురించి. విజయవాడలో ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాడు, అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందని విని లావుపాటి ఫిజిక్స్ పుస్తకాలు ముందేసుకున్నాడు, అటు వెళ్లనివ్వచ్చా అని. నేను బెంగళూరులో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్‌లో లెక్కచేసే మూల భాగం) చిప్‌లు పరీక్షించే ఒక చిన్న కంపెనీలో మూడున్నరేళ్లు టెస్ట్ ఇంజినీరుగా చేశాను. మాది గుంటూరు. ఈ మధ్యే ఇంటికొచ్చేశాను, తీరిగ్గా రాస్తున్నా.

ముందే చెప్పేస్తాను. అక్కడ నేను సమీకరణాలు రాసిన రోజులు తక్కువ, పానా పట్టుకున్న రోజులు ఎక్కువ.

మా నాన్న మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్. అమ్మోనియా ప్లాంటు. లీకు అనుమానం వస్తే గంధకం వత్తి వెలిగించి ఫిట్టింగుల చుట్టూ తిప్పేవాడు. అమ్మోనియా తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా నేను చేసిందీ అదే పని, కాకపోతే వత్తికి బదులు హీలియం. చిప్‌లు పెట్టి చల్లబరిచే ఫ్రిజ్ లోపలి గాలంతా లాగేసి, బయట సన్నటి గొట్టంతో హీలియం చల్లుకుంటూ పోవాలి. ఎక్కడైనా లోపలికి దూరిందా, లీక్ డిటెక్టర్‌లో అంకె లేస్తుంది. హీలియం పైకి పోతుంది కాబట్టి పైనుంచే మొదలుపెట్టాలి, లేకపోతే ఏ జాయింటు దొంగో తెలియదు. ఒకసారి రెండు రోజులు వెతికితే జాయింటులో పెట్టే రబ్బరు రింగు (ఓ-రింగ్) మీద తలవెంట్రుక దొరికింది. ఎవరిదో తేలలేదు గానీ, అప్పటికి మా ల్యాబ్‌లో జుట్టున్నవాళ్లం ముగ్గురమే.

ఆ ఫ్రిజ్ పేరు డైల్యూషన్ రిఫ్రిజిరేటర్. నాన్న పనిచేసే చోట ఐదారు డిగ్రీలుంటే, ఇందులో అన్నిటికన్నా కింది ప్లేటు దగ్గర 10 నుంచి 20 మిల్లీకెల్విన్. అంటే పరమ శూన్యానికి డిగ్రీలో యాభయ్యో వంతు కూడా దూరం ఉండదు. హీలియం-3, హీలియం-4 కలిపిన మిశ్రమం 0.87 కెల్విన్ కిందకు దిగితే రెండు పొరలుగా విడిపోతుంది. పై పొరలోని హీలియం-3 కింది పొరలోకి దిగుతూ వేడిని పీల్చుకుంటుంది, ఎండాకాలం కుండ చెమర్చి నీళ్లు చల్లబడ్డట్టు. ఇంత చలి ఎందుకు? క్యూబిట్ సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆ శక్తిని ఉష్ణోగ్రతలో చెప్పుకుంటే 0.24 కెల్విన్. చుట్టూ అంతకన్నా బాగా చల్లగా లేకపోతే ఎవరూ లేపకుండానే క్యూబిట్ లేచి కూర్చుంటుంది.

గదిలోని వేడి వైర్ల వెంట కూడా నాయిస్‌గా కిందికి దిగుతుంది. అందుకని దారిలో అంతస్తుకొక అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని, దాంతోపాటు నాయిస్‌నీ తగ్గించే ముక్క) పెడతారు. అన్నీ కలిసి 60 డెసిబెల్ తగ్గిస్తాయనుకోండి, పైన పంపిన దాంట్లో పది లక్షల్లో ఒక వంతే చిప్ దాకా చేరుతుంది. 2025లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న క్లార్క్, డెవొరే, మార్టినిస్ 1984-85లో చేసిన ప్రయోగాల్లో పెద్ద తలనొప్పి కూడా ఇదే. కనిపిస్తున్నది నిజంగా క్వాంటమ్ టన్నెలింగా (దాటేంత శక్తి లేకున్నా అడ్డుగోడ అవతలికి పోవడం), వైర్ల వెంట వచ్చిన నాయిసా? తేల్చుకోవడానికి వాళ్లు రాగి పొడి నింపిన ఫిల్టర్లు చేసుకున్నారు. మా ఉద్యోగం కూడా అంతే. తప్పు చిప్‌దా, మనదా? ఆ ఒక్కటి తేల్చినందుకే జీతం.

నేను తేల్చలేకపోయిన సంగతి కూడా చెబుతాను. ఒక సంక్రాంతి తర్వాత కొత్త చిప్ పెట్టి ఫ్రిజ్ మూశాం. చల్లబడటానికి రెండు రోజులు. ఏడో క్యూబిట్‌కి మైక్రోవేవ్ పల్స్ ఇస్తే, అది లేస్తూ పడుతూ ఉండటాన్ని చూపే రాబీ ప్లాట్‌లో అల రావాలి, స్కేలు పెట్టి కొట్టినట్టు అడ్డగీత వచ్చింది. పల్స్ బలం పెంచాం, ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిపాం. అదే గీత. 'చిప్ పోయింది' అని రిపోర్టు రాసి పంపేశాను. చిప్ చేసిన టీమ్‌కి ఒళ్లు మండింది. జంక్షన్ (క్యూబిట్‌కి గుండెకాయ లాంటి సన్నటి అతుకు) నిరోధం గది ఉష్ణోగ్రతలో కొలిచే పంపాం, అది సరిగ్గానే ఉంది అన్నారు. (ఆ నిరోధాన్ని బట్టే, చల్లబడ్డాక ఫ్రీక్వెన్సీ ఎంత ఉంటుందో ముందుగా లెక్క వేస్తారు.) వేడెక్కించి, విప్పి, వీఎన్‌ఏతో (వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్, కేబుల్లో సిగ్నల్ ఎంత దాటుతోందో చూపే పరికరం) ఆ లైను చూస్తే శుభ్రంగా ఉంది. మళ్లీ మూసి మళ్లీ చల్లబరిచాం. మళ్లీ అడ్డగీత. అలా రెండు వారాలు పోయాయి.

చివరికి ఆ కేబుల్ ఒక్కదాన్నీ ఊడదీసి వీఎన్‌ఏకి తగిలించి, థర్మాకోల్ డబ్బాలో పోసిన ద్రవ నైట్రోజన్‌లో ముంచాను. బుసబుసలు తగ్గకముందే స్క్రీన్ మీది గీత ధబ్బున కిందపడింది. పైకి తీసి పట్టుకుంటే, దాని మీది మంచు కరుగుతున్నకొద్దీ గీత యథాస్థానానికి వచ్చేసింది. కనెక్టర్ లోపలి సోల్డర్‌లో కంటికి ఆనని చీలిక. చలికి ముడుచుకుంటే విడిపోతోంది, వేడెక్కితే అతుక్కుంటోంది. ఆ సోల్డరింగ్ చేసింది నేనే, గుంటూరు రైలు అందుకునే హడావిడిలో. తర్వాత చిప్ టీమ్ గదికి స్వీట్లు పట్టుకుని వెళ్లాను. తిన్నారు గానీ నెలరోజులు మాటల్లేవు. అప్పటినుంచి ప్రతి కేబుల్‌నీ ఐదుసార్లు నైట్రోజన్‌లో ముంచి తీశాకే లోపలికి పంపేవాణ్ని.

అమ్మే సరుకు కాబట్టి ఇంకో చిక్కు. టీ1 అంటే లేపిన క్యూబిట్ ఎంతసేపు నిలబడుతుందో మైక్రోసెకన్లలో కొలిచే లెక్క. పొద్దున 80 వస్తుంది, సాయంత్రం అదే చిప్ 45 చూపిస్తుంది, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. పలచటి ఆక్సైడ్ పొరల్లోని సూక్ష్మ లోపాలు క్యూబిట్‌తో కాసేపు జతకట్టి, కాసేపు వదిలేస్తుంటాయి. సేల్స్ వాళ్లకు 80 కావాలి. మన యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) పైపైన చూసి ఎవడైనా ధర కడతాడా? లోపలినుంచి పిడికెడు లాగి, తాలు ఎంత, తేమ ఎంత అని చూస్తాడు. అలాగే గంటల తరబడి వందల రీడింగులు తీసి, మధ్య అంకె ఎంతో, ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఊగిందో రాసివ్వాలి. దీని మీద నాకు మా మేనేజరుకి జరిగిన గొడవలు ఇక్కడ రాయను.

ఇక అమరావతి. 2025లో ప్రకటించింది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్, సిస్టమ్ టూ. అది వేరేచోట తయారై వచ్చే యంత్రం. దాని మీద ప్రోగ్రాములు రాయడం ఒక దారి, అలాంటి యంత్రాన్ని తయారుచేసి పరీక్షించడం వేరే దారి. ఊళ్లో కోర్సులు అమ్మేవాళ్లు రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. రెండో దారికి ఊరు వదలాల్సి రావచ్చు. 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ 8 ఏళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల దాకా ఉండే యంత్రాలు మన దేశంలోనే తయారుచేయాలంటోంది. 2024 ఆగస్టులో ముంబైలోని టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ, డీఆర్‌డీఓ వాళ్లు 6 క్యూబిట్ల ప్రాసెసర్ పరీక్ష పూర్తిచేశారు. ఆరు నుంచి వందల్లోకి పోవాలంటే వైర్లు లాగేవాళ్లు, లీకులు పట్టేవాళ్లు, ఆర్‌ఎఫ్ (రేడియో, మైక్రోవేవ్ సిగ్నళ్ల పని) తెలిసినవాళ్లు చాలామంది కావాలి. ఈసీఈ వాడికి ఇది అచ్చొచ్చే చోటే.

పుస్తకాలు చదవనివ్వండి, నష్టం లేదు. వేలకు వేలు పోసి సర్టిఫికెట్ కోర్సుల్లో మాత్రం చేర్చొద్దు. చేతికి సోల్డరింగ్ రావాలి, డేటా గీసుకునేంత పైథాన్ రావాలి, వీఎన్‌ఏ కాలిబ్రేట్ చేయడం రావాలి. ఆ వీఎన్‌ఏ వాళ్ల కాలేజీ మైక్రోవేవ్ ల్యాబ్‌లో ఉండే ఉంటుంది, తనిఖీలప్పుడు తప్ప బీరువాలోంచి బయటికి రాదు. హెచ్ఓడీ గారిని బతిమాలో, ల్యాబ్ అటెండర్‌కి టీ తాగించో, ముందు ఆ తాళం తీయించమనండి.