కొత్తగా చేరిన యువ అడ్మినిస్ట్రేటర్లకు ఆసుపత్రిని నడిపించే సత్తా ఎలా వస్తుంది?

రాజోలు దగ్గర వంద పడకల ఆసుపత్రి నడుపుతున్నామని, ఎంహెచ్ఏ (ఆసుపత్రి పరిపాలనలో పీజీ) చదివిన ఇద్దరిని తీసుకున్నా ఆరు నెలల తర్వాత కూడా ప్రతి చిన్న విషయానికీ మీ గది తలుపు తడుతున్నారని రాశారు. ఏదైనా శిక్షణకు పంపాలా, రెండేళ్ళ బాండు రాయించుకోవాలా అని అడిగారు. నేను 18 ఏళ్ళుగా గోదావరి ఒడ్డునే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరిపాలన చూస్తున్నాను. ఇప్పటివరకు పదకొండు మంది కుర్రవాళ్ళు నా దగ్గర పని నేర్చుకున్నారు. మొదటి అబ్బాయికి మాత్రం నేను అన్యాయం చేశాను. ముందు ఆ సంగతే చెబుతాను.

చేరిన రోజునే అతని బల్ల మీద ‘అసిస్టెంట్ మేనేజర్’ అని పేరు పలక పెట్టించాను. పని మాత్రం కంప్యూటర్ ముందే. ఈ రోజు ఓపీ ఎంత, ఐపీ (ఆసుపత్రిలో చేరినవారు) ఎంత, ఎన్ని మంచాలు ఖాళీ, నెలాఖరుకు పట్టికలు. వార్డులో ఏ ఇబ్బంది వచ్చినా సిస్టర్లు అతణ్ణి దాటుకుని నా దగ్గరకే వచ్చేవారు. నేనే చక్కబెట్టి పంపేవాణ్ణి. అతనికి భారం తగ్గిస్తున్నానని అనుకున్నాను. ఎనిమిదో నెలలో రాజీనామా ఇచ్చాడు. “సార్, ఇక్కడ నేను అవునన్నా కాదన్నా ఆగిన పని ఒక్కటీ లేదు” అన్నాడు వెళ్ళేటప్పుడు. ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

అప్పటి నుంచి హోదా ఆలస్యంగా ఇస్తున్నాను, ఒక పనిని మాత్రం మొత్తంగా, త్వరగా అప్పగిస్తున్నాను. మొత్తంగా అంటే దాని మీద కొంత డబ్బు ఖర్చుపెట్టే అధికారం కూడా. మీ పిల్లలు తలుపు తట్టడానికి కారణం వాళ్ళలో లేదనే నా అనుమానం. తట్టకుండా చేసిన పనికి ఏ మాట పడాల్సి వస్తుందో వాళ్ళకు తెలియదు.

మొదటి ఆరు వారాలు మా దగ్గర ఎవరికీ కుర్చీ ఉండదు. ఉదయం ఆయాలతో కలిసి వార్డులో వ్యర్థాలు తీసే పని చూడాలి. ఆసుపత్రి వ్యర్థాల మీద వచ్చిన 2016 నిబంధనలు, పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులు అందరికీ కంఠతా వచ్చు. సెలైన్ గొట్టం ఎరుపు సంచిలోకి, సూది తెల్ల డబ్బాలోకి వెళ్ళాలని పరీక్షలో రాసి వచ్చినవాళ్ళే. కానీ ముప్పై మంచాల వార్డుకు తెల్ల డబ్బా ఒక్కటే, అదీ నర్సుల బల్ల దగ్గర. సిస్టర్ చేతిలో ట్రే ఉంటుంది, అవతల మంచం మీద రోగి పిలుస్తుంటాడు. సూది ఎరుపు సంచిలోకే పోతుంది. తర్వాత అది గుచ్చుకునేది ఆయాకు. ఒక అమ్మాయి మూడో రోజున ఆయా వేలికి కట్టిన గుడ్డ చూసి నేరుగా నా దగ్గరకు వచ్చింది. గోడ మీద పోస్టరు పెడదామని అనలేదు, ప్రతి ఇంజెక్షన్ ట్రాలీకీ తగిలించే చిన్న తెల్ల డబ్బాలు కావాలంది. ఈమెకు పని అప్పగించవచ్చని ఆ రోజే తెలిసింది.

డిశ్చార్జిల బాధ్యత ఆమెకు ఇచ్చాను. ముందు ఒకే ఒక్క రోగి వెంట గడియారం చూసుకుంటూ తిరగమన్నాను. లంక గ్రామం నుంచి హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయన. సర్జన్ గారు రౌండ్స్‌లో “ఇక ఇంటికి వెళ్ళవచ్చు” అన్నది 9:20కి. డిశ్చార్జి సమ్మరీ (చికిత్స వివరాల కాగితం) రాయవలసిన డ్యూటీ డాక్టరు క్యాజువాలిటీలో ఉండటంతో కేస్ షీటు 11 దాకా బల్ల మీదే ఉంది. వాడని మందులు ఫార్మసీకి తిరిగి చేరేసరికి 12:40. అక్కడి మనిషి భోజనానికి వెళ్ళాడు. బిల్లు 2:30కి తయారైంది. ఓపీ ముగించుకుని సర్జన్ గారు సంతకం పెట్టింది 4:15కి. అంతసేపూ ఆ పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చునే ఉన్నారు. ఆయన భార్య అయిదుసార్లు వచ్చి “అమ్మా, చీకటి పడితే రేవులో పడవ ఉండదు” అన్నారట. ఆ రాత్రి వాళ్ళు రేవు దగ్గర తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకున్నారు.

ఆమె పద్నాలుగు మంది రోగుల సమయాలు ఇలాగే రాసింది. సమ్మరీ ముందు రోజు సాయంత్రమే సిద్ధం కావాలని, మందుల లెక్క రాత్రి డ్యూటీలోనే తేలాలని, సంతకం రౌండ్స్‌లోనే పడాలని తేల్చింది. మొదటి రెండూ జరిగాయి. మూడోదానికి సర్జన్ గారికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల చెబితే వినాలా అని నా గదికి వచ్చారు. ఇలాంటి సమయంలో మనం ఏం మాట్లాడతామన్నదే అసలు శిక్షణ అని నా నమ్మకం. “సార్, ఆ పని ఆమెది. మీ అభ్యంతరం ఆమెకే చెప్పండి, ఆమె ఏది నిర్ణయిస్తే అదే నా మాట” అన్నాను. ఆమెకు మాత్రం ఒక్క జాగ్రత్త చెప్పాను: డాక్టరు గారితో రోగుల ముందు, నర్సుల ముందు ఈ మాట ఎత్తవద్దు. ఓపీ అయ్యాక ఒంటరిగా వెళ్ళి, ఆ పద్నాలుగు వరుసల కాగితం ఆయన ముందు పెట్టి, రేవు దగ్గర పడుకున్న దంపతుల సంగతి చెప్పింది. వారం తర్వాత రౌండ్స్‌లో సంతకాలు మొదలయ్యాయి. లంకల నుంచి వచ్చినవారి కేస్ షీటు అట్ట మీద ఆమె చిన్న పడవ బొమ్మ గీసేది. బొమ్మ కనిపిస్తే ఆ కాగితాలు ముందు కదలాలి. అంతే ఏర్పాటు.

తప్పు జరిగితే వెనక నిలబడటం గురించి చాలామంది చెబుతారు. దానికన్నా కష్టమైనది, అవసరం లేకుండా పోయిన జాగ్రత్తను మెచ్చుకోవడం. 2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలంలో 53 అడుగులకే మూడో హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు నీరు 70 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. నేను కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాను. స్టోరు చూసే కుర్రవాడికి నన్ను అడగకుండా పది వేల వరకు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చి ఉన్నాను. అతను లెక్క వేశాడు. పెద్ద సిలిండరులో దాదాపు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి పది లీటర్లు తీసుకునే రోగులు ముగ్గురుంటే ఒక్క సిలిండరు నాలుగు గంటలు కూడా రాదు. రెండు రోజులు దారి మూసుకుపోతే పదమూడు కావాలి, నిండినవి తొమ్మిదే ఉన్నాయి. వెంటనే వ్యాను మాట్లాడి మరో పదిహేను తెప్పించాడు. పరిమితి దాటి ఆరు వేలు ఎక్కువైంది. ఆ తర్వాతే నాకు ఫోను చేశాడు.

మా దారి మూసుకుపోలేదు. పదిహేనూ అలాగే మిగిలాయి. అకౌంట్స్‌వాళ్ళు వివరణ అడిగారు. అతను రాసిన లెక్క కాగితానికి నా సంతకం పెట్టి జత చేశాను, సోమవారం సమావేశంలో అందరి ముందు చదివించాను. ఆ రోజు నేను విసుక్కుని ఉంటే, నిజంగా దారి మూసుకుపోయే వరదకు నా సంతకం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు.

ఒక్క చోట మాత్రం వాళ్ళను ఒంటరిగా పంపకండి. రోగి చనిపోయినప్పుడు బంధువులతో మాట్లాడటానికి మొదటి ఏడాది మీరు పక్కన ఉండాల్సిందే. ముందు ఆ బంధువులను కూర్చోబెట్టాలి, మంచినీళ్ళు ఇవ్వాలి. పోయిన మనిషిని మంచం నంబరుతో కాకుండా పేరుతో ప్రస్తావించాలి. బిల్లు మాట ఆ గదిలో రాకూడదు. ఇవి చెబితే వచ్చేవి కావు, మీరు చేస్తుంటే చూసి నేర్చుకుంటారు.

ఇక కోర్సుల సంగతి. ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), హైదరాబాద్ నిమ్స్‌లో ఈ చదువులు ఉన్నాయి, మంచివే. కానీ మీవాళ్ళు ఇప్పటికే చదివి వచ్చారు. దానికన్నా మీరు కాకినాడ జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) ఎవరినైనా రిఫర్ చేసినప్పుడు ఒకసారి అంబులెన్సులో వాళ్ళను పంపండి. మీరు రాసిన రిఫరల్ కాగితంలో ఏం లేదో అక్కడి క్యాజువాలిటీలో నిలబడితే తెలుస్తుంది.

బాండు వద్దు. వెళ్ళాలనుకున్నవాణ్ణి కాగితంతో ఆపితే మనిషి ఉంటాడు, పని ఉండదు. డిశ్చార్జిలు చూసిన అమ్మాయి నాలుగేళ్ళు చేసి విజయవాడలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళింది. తన తర్వాత వచ్చిన ఇద్దరికి తనే పని నేర్పింది. పడవ బొమ్మ ఇప్పటికీ గీస్తున్నారు. ఇప్పుడు గీసే అబ్బాయికి అది ఎవరు మొదలుపెట్టారో తెలియదు.