స్టెంట్ వేశాక మళ్ళీ ‘బ్లాక్’ ఏంటి?

“అమ్మకి గుండెపోటుకి స్టెంట్ వేశారు, ఇప్పుడు ఈసీజీలో హార్ట్ బ్లాక్ ఉందంటున్నారు, మళ్ళీ డబ్బులకేనా?” అని అడిగారు. కాదండి. ఇదే మాట మీద వైజాగ్‌లో ఒక డ్యూటీ డాక్టరుతో నేనూ గొడవపడ్డాను.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యారు. గాజువాక ఇంట్లో ఓ సాయంత్రం చెమటలు, వాంతి. గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగించి గంట పాడు చేశాం. గుండె కింది గోడకి అటాక్, కుడి రక్తనాళం మూసుకుపోయిందన్నారు. స్టెంట్ పడింది, హమ్మయ్య అనుకున్నాం. ఆ రాత్రే మానిటర్ మీద గుండె కొట్టుకునే అంకె నిమిషానికి 38కి దిగింది, నాన్న కళ్ళు తేలేశారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి వైరు పంపి, గుండెకి బయటి నుంచి కరెంటు ఇచ్చి కొట్టించే టెంపరరీ పేస్‌మేకర్ పెట్టారు. అరచేతిలో పట్టేంత డబ్బా, సెలైన్ స్టాండుకి కట్టారు. తెల్లారేదాకా దాని మీద మినుకుమనే లైటునే చూస్తూ కూర్చున్నా.

పొద్దున్న పెద్ద డాక్టరుగారు చెప్పాక అర్థమైంది. స్టెంట్ రక్తం వెళ్ళే గొట్టానికి. ఈ బ్లాక్ కరెంటు వెళ్ళే దారిలో. పై గదుల కరెంటు కిందికి దిగేచోట ఏవీ నోడ్ ఉంటుంది, ఎక్కువమందిలో దానికి రక్తం వచ్చేది కుడి నాళం నుంచే. అందుకే కింది గోడ అటాక్‌లో అది మొరాయిస్తుంది, చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. “అంటే ఫ్యూజు పోలేదు, లూజ్ కాంటాక్ట్” అన్నారు నాన్న. నాలుగో రోజు వైరు తీసేశారు.

పక్క బెడ్ పెద్దాయనది ముందు గోడ అటాక్. కొత్తగా రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే ఏవీ నోడ్ దాటాక కుడి కింది గదికి కరెంటు తీసుకెళ్ళే తీగలో బ్లాక్, కనబడగానే డాక్టర్ల మొహాలు మారిపోయాయి. ముందు గోడలో ఇలా వస్తే కండరం బాగా దెబ్బతిన్నట్టే. ఉన్నట్టుండి పూర్తి బ్లాక్ కావచ్చు, పంపింగ్ పడిపోవచ్చు. ఆయనకి చివరికి పర్మనెంట్ పేస్‌మేకరే పెట్టారు.

కాబట్టి అటాక్ ఏ గోడకి, బ్లాక్ ఏ డిగ్రీ (అంటే ఎంత తీవ్రం), కొత్తదా పాతదా అని అడగండి. ఈసీజీలో పీఆర్, అంటే పై గదుల నుంచి కింది గదులకి కరెంటు చేరడానికి పట్టే సమయం, 0.20 సెకన్లు దాటడమొక్కటే అయితే ఫస్ట్ డిగ్రీ, సాధారణంగా గమనిస్తూ ఉంటారంతే. కళ్ళు తిరుగుతున్నాయని అమ్మ అంటే మాత్రం వెంటనే సిస్టర్‌ని పిలవండి.

కొత్తదో పాతదో తేలాలంటే పాత ఈసీజీ కావాలి. నాన్నది బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కింద దొరికింది కానీ గీతలన్నీ వెలిసిపోయి తెల్ల కాగితమే మిగిలింది. ఇవాళ తీసినదాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.