యోక్ పళ్లు కలవలేదు, షాపు వాపసు తీసుకోనంటోంది

ప్రశ్న: మాది చిత్తూరు. బెంగళూరులో సొంత ఫోర్ బై ఫోర్ ట్రక్కు నేనే నడుపుకుంటూ బతుకుతున్నాను. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) షాఫ్టు మీద పళ్లతో బిగుసుకునే యోక్ అరిగిపోతే జేసీ రోడ్డులో ఒక షాపులో 7,800 రూపాయలు పెట్టి కొత్తది కొన్నాను. షాఫ్టుకు 32 పళ్లు, యోక్‌కు 26. అడిగితే ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అని బిల్లు మీద ముద్ర చూపిస్తున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ముందు మీ మెకానిక్‌ను మాత్రం ఆపండి, యోక్‌కు ఆకురాయి పట్టకూడదు, సుత్తి తగలకూడదు. అరగదీసినా 26 పళ్లు 32 కావు. పైగా అరగదీసిన సరుకును మీరు ఒప్పుకుని తీసుకున్నట్టేనని షాపు 1930 వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ చూపిస్తుంది.

ముద్ర గురించి టెన్షన్ వద్దు. బిల్లులో వేరే గడువు లేకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ‘యోక్‌లో లోపం లేదు, మీ బండికి సరిపోలేదంతే’ అంటారు షాపువాళ్లు. కేసు తేలేది ఇక్కడే. కౌంటర్ దగ్గర మీరేం చెప్పారు? పాత యోక్ చూపించో, ఛాసిస్ నంబరిచ్చో ‘దీనికి సరిపోయేది ఇవ్వండి’ అని వాళ్ల మీద ఆధారపడి ఉంటే, వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ కింద బాధ్యత షాపుది. మీరే పార్ట్ నంబరు చెప్పి, వాళ్లు సరిగ్గా అదే ఇచ్చి ఉంటే మీ కేసు బలహీనం.

బండి సెకండ్‌హ్యాండా? పాత ఓనరు వేరే మోడల్ ట్రాన్స్‌ఫర్ కేస్ బిగించి ఉంటే, ఛాసిస్ ప్రకారం షాపు ఇచ్చిందే సరైనదవుతుంది. అవతలి వకీలు మొదట పట్టుకునేది ఇదే. ట్రాన్స్‌ఫర్ కేస్ మీది నంబరు మెకానిక్ చేత చూపించి, రాతపూర్వకంగా తీసుకోండి. ఒక పంటికి సుద్దగీత పెట్టి, అక్కడినుంచి లెక్కపెడుతూ రెండింటికీ వీడియో తీయండి.

సరుకు వద్దని వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ తెలపండి. అదే వస్తు విక్రయ చట్టం 43వ సెక్షన్ ప్రకారం మోసుకెళ్లి అప్పగించాల్సిన పని లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఈ మొత్తానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. స్వయం ఉపాధి కోసం కొన్నారు కాబట్టి ‘వాణిజ్య అవసరం’ అని మిమ్మల్ని పక్కనపెట్టలేరు. పది లారీలున్న ఓనరైతే ఈ జవాబు వేరేగా ఉండేది.

బండి ఆగిన రోజుల నష్టమూ అడగొచ్చు, ట్రిప్పు కాగితాలుంటేనే. అలాగని నెలలపాటు నిలబెట్టకండి, వేరే యోక్ కొని బండి తిప్పుకోండి. పాత యోక్‌ను తుక్కు కింద అమ్మేయకండి. పక్కన పెట్టి చూపించాల్సింది దాన్నే.